మాస్టారు ఆపేసిన బౌట్లు

(జాతీయ క్రీడా దినోత్సవం నాడు అమలాపురంలో ఒక బాక్సింగ్ శిక్షకుడికి శిష్యులు చేసిన సన్మాన సభలో, ఆయన శిష్యుడైన ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, మాస్టారికి, ఆయన శ్రీమతి మా అమ్మగారికి, మా అన్నయ్యలకి, తమ్ముళ్లకి, చెల్లెళ్లకి, పనులు మానుకుని పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులకి పేరుపేరునా నమస్కారాలు.

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు మాస్టారి పతకాల గురించి, ఆయన సౌత్ జోన్ ఛాంపియన్ అయిన సంగతి గురించి చాలా బాగా చెప్పారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఎవరు ఏ ఉద్యోగంలో ఉన్నారో కూడా చదివి వినిపించారు. ఆ లిస్టులో రాని సంగతి ఒకటుంది, నేను దాని గురించే మాట్లాడతాను. అది ఆయన ఆపేసిన బౌట్ల సంగతి, అంటే రింగులో ఇద్దరి మధ్య జరిగే పోటీల సంగతి. కొన్నింటికి పేరిచ్చాక వెనక్కి తీసుకున్నారు, కొన్నింటిని మధ్యలో ఓటమి ఒప్పుకుంటూ తువ్వాలు విసిరి ఆపారు, కొందరు పిల్లల్ని అసలు రింగు దాకానే రానివ్వలేదు. కోచ్‌గా ఆయన గొప్పతనం నాకు అక్కడే ఎక్కువ కనపడింది.

మాస్టారిది గోదావరి వైనతేయ పాయ పక్కన లంక గ్రామం. వరదొస్తే పడవ తప్ప దారిలేని ఊరు. వాళ్ల నాన్నగారు కొబ్బరికాయలు వొలిచే కూలీ. ఇక్కడున్నవాళ్లందరికీ ఆ పని తెలుసు. నేలలో నిలువుగా పాతిన ఇనప గునపానికి కాయని గుచ్చి, రెండు చేతులా పట్టుకుని, మెలితిప్పి డొక్క ఊడదీస్తారు. చేతుల బలంతో వొలిచేవాడికి పది గంటలయ్యేసరికి భుజాలు పడిపోతాయి. పాదం దగ్గర్నుంచి నడుము తిప్పి వొలిచేవాడు సాయంత్రం దాకా లాగేస్తాడు. మాస్టారు బడి సెలవుల్లో నాన్నగారితో ఆ పనికి వెళ్లేవారు. తర్వాత చదువు కోసం విశాఖపట్నం వెళ్లి, అక్కడ మొదటిసారి గ్లవ్స్ వేసుకుని బ్యాగ్ మీద కొడితే, అక్కడి కోచ్ ఆగి చూసి, "ఈ నడుము తిప్పడం నీకెవరు నేర్పార్రా?" అని అడిగారట. "మా నాన్నండి" అన్నారట ఈయన.

బాక్సింగ్ విశాఖలో నిలదొక్కుకోవడానికి కారణాలున్నాయి. అక్కడ నేవీ ఉంది, పోర్టుంది, రైల్వే ఉంది. ఆటగాడికి ఉద్యోగమిచ్చే సంస్థ ఉంటే ఆ ఆట నాలుగు కాలాలపాటు బతుకుతుంది. మన డెల్టాలో అప్పటికి ఉన్నవి కబడ్డీ, వాలీబాల్, ఇంకాస్త చదువుకున్న ఇళ్లల్లో షటిల్. ఆ షటిల్ నుంచే ఈ అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ ఆసియా క్రీడల స్వర్ణం దాకా వెళ్లాడు. బాక్సింగ్ అంటే మాత్రం మనవాళ్లకి కొట్లాట. మాస్టారు బాక్సింగ్ నేర్చుకుంటున్నారని ఊళ్లో తెలిసినప్పుడు, "పట్నం పోయి రౌడీ అయిపోయాడు" అన్నారని వాళ్లమ్మగారు చాలాకాలం బాధపడ్డారు.

ఆయన ఆడింది బాంటమ్ వెయిట్, 54 కిలోలు. అప్పట్లో జడ్జీలు కాగితం మీద మార్కులు వేసేవారు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్‌కి జడ్జీల చేతిలో జరిగిన అన్యాయం మీద ప్రపంచమంతా గొడవయ్యాక, 1992 బార్సిలోనా నుంచి మీటలు నొక్కే పద్ధతి తెచ్చారు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకను లోపల నొక్కితేనే పాయింటు వచ్చేది. కడుపు మీద పడే దెబ్బలకి ఆ పద్ధతిలో పాయింటు రావడం కష్టమైపోయింది. మాస్టారి ఆటంతా పక్కటెముకల మీదే. అప్పటికే ఆయన తన ఆట చివరి రోజుల్లో ఉన్నారు. జాతీయ స్థాయిలో ఆయనకి పతకం రాలేదు. సైన్యం తరఫున ఆడే సర్వీసెస్ కుర్రాళ్లు, రైల్వే కుర్రాళ్లు రోజంతా అదే పనిగా సాధన చేసేవారు, ఈయన పొద్దున్న సాధన చేసి పగలు కూలికి, సాయంత్రం కాలేజీకి వెళ్లేవారు. ఆ తేడా రింగులో మూడో రౌండుకి బయటపడుతుందని మాస్టారే మాకు చెప్పేవారు. దక్షిణ మండలంలో మాత్రం ఆయన ముందు నిలబడ్డవాడు లేడు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లెవరూ ఆ తుపానుని మర్చిపోలేరు. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారేసరికి కొబ్బరి తోటలు నేలమీదున్నాయి. చెట్టు పడిపోతే తోటగలాయనకి నష్టం, చెట్టెక్కి కాయలు దింపే కార్మికుడికి, వొలుపు కూలీకి అసలు బతుకే లేదు. కొత్త మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. మాస్టారు విశాఖలో చేస్తున్న చిన్న ప్రైవేటు ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చేశారు. చాలామంది మగవాళ్లు హైదరాబాద్ పోయారు, ఆడవాళ్లు గల్ఫ్ పోయారు. ఈయన ఊళ్లోనే ఉండిపోయి, అంబాజీపేట రోడ్డులో కురిడీ కొబ్బరి నిలవచేసే ఒక పాత షెడ్డు అద్దెకి తీసుకున్నారు. సగంలో కొబ్బరి వ్యాపారం, మిగతా సగంలో బాక్సింగ్. వ్యాపారం ఎప్పుడూ అంతంతమాత్రమే. అది అమ్మగారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆవిడ కుట్టుమిషన్ మీద ఆ ఇల్లు నడిచింది, మేం చేతులకి చుట్టుకునే గుడ్డ పట్టీలు, హ్యాండ్ ర్యాప్‌లు కూడా ఆవిడే కుట్టారు.

నేను ఎనిమిదో తరగతిలో ఆ షెడ్డుకి వెళ్లాను. లోపలికెళితే ముందు కొబ్బరి వాసన, తర్వాత చెమట వాసన. దూలానికి వేలాడే బ్యాగ్ మాస్టారు సొంతంగా చేసుకున్నది. దాని గురించి చెప్పాలి. చాలామంది గోనెసంచిలో ఇసక నింపి వేలాడదీస్తారు. వారం తిరిగేసరికి ఇసక కిందకి దిగి రాయిలా గట్టిపడుతుంది, పిల్లాడి మణికట్టు పోతుంది. మాస్టారు సంచిలో సంచి పెట్టి, లోపల పాత చీరల ముక్కలు, చుట్టూ కొబ్బరి పీచు కూరేవారు. పీచు పూర్తిగా ఎండాలి, తడుంటే బూజుపట్టి లోపల ఉండ కడుతుంది. అందుకని వానాకాలం ముందే చేసేవారు. పదిహేను రోజులకోసారి బ్యాగ్ దింపి తలకిందులు చేసి మళ్లీ వేలాడదీయడం మా పని. "గ్లవ్స్ కొనలేకపోతే అడిగి తెచ్చుకోవచ్చు, మణికట్టు ఎవరిస్తార్రా?" అనేవారు.

చేతికి గుడ్డ కట్టడం ఆయన దగ్గర చూడాలి. బొటనవేలికి ఉచ్చు తగిలించి, చేతి వెనకవైపు నుంచి తెచ్చి మణికట్టు చుట్టూ మూడు చుట్లు. అక్కణ్ణుంచి పిడికిలి కణుపుల మీద మూడు చుట్లు. తర్వాత వేళ్ల సందుల్లోంచి ఒక్కొక్కటిగా తెచ్చి, బొటనవేలి మొదట్లో బిగించి, మిగిలిందంతా మళ్లీ మణికట్టుకే. కట్టేటప్పుడు వేళ్లు బాగా చాపి ఉంచాలి, లేకపోతే పిడికిలి బిగించగానే రక్తం ఆడదు. కట్టడం అయ్యాక ఆయన మా గోళ్లు ఒత్తి చూసేవారు. తెల్లబడ్డ గోరు వెంటనే ఎర్రబడకపోతే మొత్తం విప్పించేవారు. ఆ పని ఆయన ఎవరికీ అప్పజెప్పలేదు. జిల్లా పోటీల్లో మా కుర్రాళ్లు ఎంతమంది ఉన్నా అందరి చేతులూ ఆయనే కట్టేవారు.

మొదటి మూడు నెలలు గుద్దడం లేదు. కాళ్లే. సిమెంటు నేల మీద సుద్దతో గీతలు గీసి, ఎడమకాలు ముందు, కుడికాలు వెనక, మడమ కాస్త లేపి, ముందుకి రెండడుగులు, వెనక్కి రెండడుగులు. రెండు పాదాలు దగ్గరకొచ్చినా తప్పే, ఒకదాన్నొకటి దాటినా తప్పే. పొద్దున్న కాలవగట్టు మీద పరుగు, వేసవిలో గోదావరి ఇసక తిన్నెల మీద. అక్కడ పరిగెడితే పిక్కలు ఎంత లాగేస్తాయో అనుభవించినవాడికే తెలుస్తుంది. చాలామంది ఈ మూడు నెలల్లోనే మానేసేవారు. మాస్టారు ఎవర్నీ బతిమాలలేదు, తిరిగొచ్చినవాణ్ణి ఎవర్నీ పొమ్మనలేదు.

కాళ్ల విషయంలో ఆయనకి ఈ ఊరి మీద గొప్ప నమ్మకం. దసరాకి అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా మీ అందరికీ తెలుసు. కత్తులు, కర్రలు తిప్పుతూ, కళ్లకి గంతలు కట్టుకుని మనిషి ఒంటి మీద పెట్టిన కూరగాయ కోస్తూ రాత్రంతా ఊరేగింపు నడుస్తుంది. ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కి, గురువు నుంచి శిష్యుడికి వీధి వీధినా వస్తోంది. మాస్టారు కొంకాపల్లి, ఆ చుట్టుపక్కల పేటలకి వెళ్లి తాలింఖానా గురువులకి దణ్ణం పెట్టి, "మీ పిల్లలకి అడుగు వేయడం మీరు నేర్పేశారు, మిగతాది నాకివ్వండి" అని అడిగారు. "బాక్సింగ్ అంటే కొట్లాట" అన్న తల్లిదండ్రులు ఆ గురువులు ఒక మాట చెప్పాక పిల్లల్ని పంపారు. కర్రసాములో ఎదటివాడి కర్ర చూడకుండా భుజం చూడటం అలవాటవుతుంది. ఆ పిల్లలు బాక్సింగ్‌లో జ్యాబ్, అంటే ముందు చేత్తో కొట్టే సూటి గుద్దు, రాకముందే తల తప్పించేవారు. నాకది రావడానికి చాలాకాలం పట్టింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

నాకొక స్నేహితుడున్నాడు, ఈ సభకి కూడా వచ్చాడు, పేరు చెప్పొద్దన్నాడు. ఇద్దరం ఒకే బరువు కాబట్టి స్పారింగ్, అంటే సాధన కోసం ఎదురెదురుగా ఆడటం, ఎప్పుడూ మేమిద్దరమే. రాష్ట్ర స్థాయి జూనియర్ పోటీల్లో వాడు సెమీ ఫైనల్ ఆడుతున్నాడు. మూడో రౌండు. పాయింట్లలో వాడే ముందున్నాడు, హాల్లో ఎవర్నడిగినా అదే చెప్తారు. పక్కనుంచి వచ్చిన ఒక హుక్ దెబ్బ చెవి పైన తగిలింది. వాడు పడలేదు. మొహానికి అడ్డంగా చేతులు పైకే ఉన్నాయి. కళ్లు బాగానే ఉన్నాయి, రిఫరీ చూసి ఆడమన్నాడు. నేను మా కార్నర్ కింద, అంటే రింగులో మా మూల దగ్గర, బకెట్ పట్టుకుని ఉన్నాను. పక్కకి చూసేసరికి మాస్టారి భుజం మీద తువ్వాలు లేదు. రింగు మధ్యలో ఉంది.

మన ఆటలో ఒక నిబంధన ఉంది. రిఫరీ లెక్కపెడుతున్నప్పుడు కార్నర్ నుంచి తువ్వాలు విసిరితే చెల్లదు. అంటే కోచ్ ఆపదలచుకుంటే కుర్రాడు పడకముందే ఆపాలి. పడ్డాక నిర్ణయం రిఫరీది.

వాడు రింగులోనే ఏడ్చేశాడు. వాడి బాబాయి కుర్చీలు తోసుకుంటూ వచ్చి, "గెలిచే బౌట్ నాశనం చేశావు, మావాడి సర్టిఫికెట్ పోయింది, ఉద్యోగం పోయింది" అని మాస్టారి చొక్కా పట్టుకున్నంత పనిచేశాడు. మాస్టారు గొంతు పెంచలేదు. "వాడి ఎడమ మడమ నేలకి అంటుకుపోయిందండి. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా ఆనించలేదు" అన్నారు, అంతే. ఆ రాత్రి రైల్లో వాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మాస్టారు రాజమండ్రిలో దిగిపోయి వాణ్ణి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లారు. మనకి అమలాపురం దాకా రైలు లేదు కదా, అక్కణ్ణుంచి బస్సులో తెస్తే ఆ కుదుపులకి ఏమవుతుందోనని ఆయన భయం. స్కాన్ తీసి, పరిశీలనలో ఉంచి పంపారు. మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదకి రావచ్చని అక్కడ డాక్టరుగారు మాకు అర్థమయ్యేలా చెప్పారు. నా స్నేహితుడు ఇప్పుడు భీమవరం దగ్గర రొయ్యల మేత వ్యాపారం చేస్తున్నాడు, ఇద్దరు పిల్లలు. ఆ బాబాయిగారే ఈ రోజు ఈ సభకి భోజనాలు పెట్టిస్తున్నారు.

తలదెబ్బతో బౌట్ ఆగిపోతే కనీసం 30 రోజులు రింగుకి దూరంగా ఉండాలని నిబంధన. మూడు నెలల్లో రెండుసార్లు జరిగితే 90 రోజులు. ఏడాదిలో మూడుసార్లయితే ఏడాది పాటు. పోటీలకే కాదు, స్పారింగ్‌కి కూడా ఇది వర్తిస్తుంది. కానీ ఊళ్లల్లో జరిగే స్పారింగ్‌ని ఎవరు చూస్తారు? మాస్టారు చూసేవారు. ఆయన దగ్గరో పొడుగు నోట్‌బుక్ ఉంది. రోజూ ప్రతి పిల్లాడి పేరు ఎదురుగా బరువు, నిద్ర, తలనొప్పి ఉందా లేదా, రాత్రి ఏం తిన్నాడు. స్పారింగ్‌లో తలకి గట్టిగా తగిలితే ఎర్ర సిరాతో తేదీ వేసి, మళ్లీ ఎప్పుడు గ్లవ్స్ వేసుకోవచ్చో రాసేవారు. ఆ తేదీ మధ్యలో ఏ పోటీ వచ్చినా సరే, వాడి పేరు వెళ్లేది కాదు. సెలక్షన్ల ముందు తల్లిదండ్రులు వచ్చి ప్రాధేయపడటం, పెద్దమనుషులతో ఫోన్లు చేయించడం నేను చాలాసార్లు చూశాను. నోట్‌బుక్ తెరిచి చూపించి, కాఫీ ఇచ్చి పంపించేవారు.

ఇక బరువు తగ్గించే పిచ్చి. ఇది ఇప్పటికీ ఉంది కాబట్టి తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. పైన ఉన్న కేటగిరీలో గట్టివాళ్లున్నారని పిల్లాణ్ణి కింద కేటగిరీకి దింపుతారు. రెండు రోజులు తిండి ఉండదు, నీళ్లుండవు, డబ్బాలోకి ఉమ్మేయిస్తారు, వాన కోటు తొడిగి ఎండలో పరుగెత్తిస్తారు. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ, పట్టిన చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మే నెలలో ప్లాస్టిక్ కోటుతో పరుగంటే వడదెబ్బని చేతులారా తెచ్చుకోవడమే. ఆ నీరసంతో కాటా ఎక్కి, కొన్ని గంటల్లో రింగెక్కి తలమీద దెబ్బలు తింటాడు. మాస్టారు ఒక్కరికి కూడా అలా చేయలేదు. "పదహారేళ్లవాడు పెరుగుతుంటాడు, పెరగనివ్వాలి. 57 కిలోల కుర్రాడు 57లోనే ఓడిపోతే నాకు నామోషీ లేదు" అనేవారు. ఆ పట్టుదల వల్ల మేం కొన్ని పతకాలు పోగొట్టుకున్న మాట నిజం. ఆ పతకాలు నాకక్కర్లేదని ఈ మైకు ముందు చెప్తున్నాను.

ఆడపిల్లల సంగతి చెప్పకపోతే చెల్లెళ్లు ఊరుకోరు. 2012 లండన్‌లో మొదటిసారి మహిళల బాక్సింగ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టారు, మేరీ కోమ్ కాంస్యం తెచ్చింది. ఆ తర్వాత ఒకరోజు ఒక మామ్మగారు మనవరాలి చెయ్యి పట్టుకుని షెడ్డుకి తీసుకొచ్చారు. పిల్ల తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. "దీన్ని దార్లో ఎవడో ఏడిపిస్తున్నాడంట బాబూ, నాలుగు దెబ్బలు నేర్పు" అన్నారు మామ్మగారు. ఆ అమ్మాయి దెబ్బలు నేర్చుకోవడానికొచ్చి ఆట నేర్చుకుంది. ఇవాళ పోలీసు యూనిఫాంలో రెండో వరుసలో కూర్చుంది. అమ్మాయిలు పెరిగాక అమ్మగారు కుట్టుమిషన్ షెడ్డులోకి మార్చారు. సాధన జరిగినంతసేపూ ఆవిడ అక్కడే ఉంటారు. ఆవిడ ఉన్నారన్న ధైర్యంతోనే చాలా ఇళ్లల్లోంచి ఆడపిల్లలొచ్చారు.

మాస్టారిలో నాకు నచ్చిన ఇంకో గుణం, పిల్లల్ని పట్టుకుని కూర్చోరు. నిఖత్ జరీన్ కథ మాకు ఎన్నిసార్లు చెప్పారో. నిజామాబాద్‌లో తండ్రి జమీల్‌గారి దగ్గర పరుగుతో మొదలుపెట్టి, అక్కడే శంసముద్దీన్‌గారి దగ్గర బాక్సింగ్ నేర్చుకుని, విశాఖ సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు గ్రహీత వెంకటేశ్వరరావుగారి దగ్గర సానపట్టుకుని, 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. భుజం గాయంతో వెనకబడి, తిరిగొచ్చి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ స్వర్ణాలు గెలిచింది. మాస్టారు ఆ కథలో మాకు చూపించింది నిజామాబాద్‌ని. పెద్ద కేంద్రానికి పంపించడానికి ఒక చిన్న ఊళ్లో ఒక మనిషుండాలి, చెడగొట్టకుండా తయారుచేసి, సమయానికి వదిలెయ్యాలి. మాస్టారు తన దగ్గర బాగా ఆడే పిల్లల్ని విశాఖ పంపించారు. బస్సు ఛార్జీలిచ్చి, నోట్‌బుక్‌లో వాళ్ల పేజీలు కాపీ తీసి చేతికిచ్చి మరీ పంపారు. వాళ్లు గెలిచినప్పుడు పేపర్లో ఈయన పేరు రాదు. ఆ పేపరు కత్తిరించి షెడ్డు గోడకి అంటించేది మాత్రం ఈయనే.

శాలువాలు కప్పాం, దండలు వేశాం, చాలా సంతోషం. శిష్యులందరం కలిసి మాస్టారిని మీకేం కావాలండీ అని అడిగాం. డబ్బు వద్దన్నారు. షెడ్డు పైకప్పు రేకులు మార్చమని కూడా అడగలేదు, అది మేమే మార్పిస్తున్నాం. ఆయన అడిగింది ఒకటే. పిల్లల పోటీ జరిగిన ప్రతిచోటా రింగు పక్కన డాక్టరుండాలి, గేటు దగ్గర అంబులెన్స్ ఉండాలి. పెద్ద పోటీల్లో ఉంటారు. మండలం స్థాయిలో, స్కూళ్ల మధ్య జరిగేవాటిలో ఫస్ట్ ఎయిడ్ డబ్బాతో సరిపెట్టేస్తున్నాం. నేను కూడా పీఈటీనే, ఈ పని నాది కూడా.

ఈ హాల్లో డాక్టర్లు ఏడెనిమిది మంది ఉన్నట్టున్నారు, కొందరు మాస్టారి పాత శిష్యుల పిల్లలే. బయట బల్ల మీద మాస్టారి నోట్‌బుక్ లాంటిదే కొత్తదొకటి పెట్టాం. నెలకి ఒక్క ఆదివారం ఇవ్వగలిగినవాళ్లు అందులో పేరు, ఫోన్ నంబరు, ఏ ఆదివారమో రాయండి. పోటీల తేదీలు మేం ముందుగా పంపిస్తాం. రానూపోనూ బండి మేం ఏర్పాటు చేస్తాం. తల్లిదండ్రులు కూడా ఒక మాట గుర్తుపెట్టుకోండి, మీ పిల్లాడి పోటీకి వెళ్లినప్పుడు డాక్టరు ఎక్కడున్నారని ముందు అడగండి. లేరంటే గ్లవ్స్ వేయనివ్వకండి, ఎవరేమన్నా మాస్టారి పేరు చెప్పండి.

భోజనాలు వెనకవైపు పందిట్లో ఉన్నాయి, ఎవరూ తినకుండా వెళ్లొద్దని బాబాయిగారు మరీమరీ చెప్పమన్నారు. రేపు పొద్దున్న 5 గంటలకి షెడ్డు మామూలుగానే తెరుస్తారు. మాస్టారూ, మైకు మీకిస్తున్నాను. నమస్కారం.